వలసపోయిన కుటుంబములు – మధుమేహ సంరక్షణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



విజయవాడనుండి ఏలూరు పోవు రాజమార్గముమీద గన్నవరము ఉన్నది. ఈ ప్రాంతపు గ్రామములలో ఏ వీధిలోనైనను నాలుగిండ్లు తట్టి కుశలమడిగినచో రెండు సంగతులు తరచుగా వినబడును. మొదటిది, ఆ ఇంటినుండి ఎవరో ఒకరు హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో వెళ్లియుండుట. రెండవది, ఆ ఇంట ఎవరో ఒకరికి షుగరు ఉండుట. ఈ రెంటిని జనులు వేరువేరు సంగతులుగా చెప్పుకొందురు. పిల్లలు వెళ్లుట అభివృద్ధి క్రింద జమకట్టుదురు. షుగరు వచ్చుట వయసు క్రిందనో, తలవ్రాత క్రిందనో జమకట్టుదురు. కాని ఈ రెంటికిని నడుమ దగ్గరి సంబంధము కలదు. ఆ సంబంధమేమో విచారించి, దానివలన కలుగు కీడును తగ్గించుకొను ఉపాయములను చెప్పుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా వ్యాధిస్వరూపమును సంగ్రహముగా తెలిసికొందము. తిన్న అన్నముగాని, రొట్టెగాని, పండుగాని జీర్ణమైన పిమ్మట చాలభాగము గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెర రక్తమునుండి శరీరకణములలో ప్రవేశించుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. అది తాళపుచెవి వంటిది. కడుపులోని క్లోమగ్రంథి దానిని తయారుచేయును. కొందరిలో, ముఖ్యముగా చిన్నవయసువారిలో, ఆ రసము దాదాపు పూర్తిగా ఉత్పత్తి కాకపోవును. పెద్దవారిలో ఎక్కువమందికి అది చాలకపోవుటయో, ఉన్నది సరిగా పనిచేయకపోవుటయో జరుగును. అప్పుడు చక్కెర కణములకు చేరక రక్తములోనే నిలిచిపోవును. ఏండ్లతరబడి అట్లు నిలిచిన చక్కెర కన్నులను, మూత్రపిండములను, గుండెను, పాదముల నరములను మెల్లమెల్లగా పాడుచేయును. నొప్పి లేకుండ పాడుచేయుటయే ఈ వ్యాధిలోని మోసము.

ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చిన పసివారు ఎక్కువకాలము బ్రతికెడివారు కారు. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులిన్‌ను వేరుచేయగలిగిరి. 1922 జనవరిలో లియొనార్డు థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి దానిని మొదటిసారి ఇచ్చిరి. మరుసటి సంవత్సరమే ఆ పరిశోధనకు నోబెల్ బహుమానము లభించినది. తరువాత మాత్రలు వచ్చినవి. ఇంటిలోనే ఒక రక్తపుబొట్టుతో చక్కెర చూచుకొను చిన్న యంత్రములు వచ్చినవి. వైద్యము కూడ దూరము కాదు. గన్నవరము పొరుగున చిన్న అవుటపల్లిలోనే వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. విజయవాడ గడియ ప్రయాణము. మందు ఉన్నది, వైద్యుడు ఉన్నాడు, చాల ఇండ్లలో డబ్బు కూడ ఉన్నది. అయినను అనేకులకు చక్కెర అదుపులో ఉండుట లేదు. ఎందువలన?

ఒక చిన్న లెక్క వేయుడు. రోగి మూడునెలలకొకసారి వైద్యుని దర్శించి, ప్రతిసారియు అరగంట అచట గడుపును అనుకొందము. ఏడాదికి రెండు గంటలైనవి. ఏడాదికి మొత్తము గంటలు 8,760. రెండు గంటలు వైద్యునివి. మిగిలిన 8,758 గంటలు ఇంటివి. కనుక మధుమేహ చికిత్స జరుగు స్థలము ఆసుపత్రి కాదు, వంటిల్లును వసారాయును.

ఆ ఇంటిలో జరుగు పని ఎంత? తెల్లవారి పరగడుపున రక్తము చూచుట, దానిని కాగితముమీద వ్రాయుట, వేళకు మాత్రయో, సూదియో, సూది పడిన పిమ్మట ఆలస్యము కాకుండ భోజనము, అన్నము ఒక కొలతకు మించకుండ, కూరయు పప్పును తగ్గకుండ వడ్డన, సాయంకాలము నడక, రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్లు, వ్రేళ్ల సందులు చూచుట, మందు అయిపోవుటకు వారము ముందే తెప్పించుట, మూడునెలల సగటు తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షను, ఏడాదికొకసారి కంటి పరీక్షను, మూత్రపిండముల పరీక్షను మరువకుండుట. ఇది ఒక్కరి పని కాదు. కాపురమున్న ఇంటిలో ఇది తెలియకుండగనే నలుగురిమధ్య పంచబడియుండును. వడ్డన భార్యది. మందులు తెచ్చుట కొడుకుది. చీటిమీది ఇంగ్లీషు అక్షరములు చదివి చెప్పుట మనుమరాలిది. "మామయ్యగారూ, సూది వేసుకొన్నారా?" అని అడుగుట కోడలిది. తాము వైద్యము చేయుచున్నామని వారిలో ఎవరును అనుకొనరు. అందువలననే, వారిలో ఒకరు ఊరు విడిచి వెళ్లినప్పుడు, వారితోపాటు వైద్యములో ఒక భాగము వెళ్లిపోయినదని ఎవరికిని తోచదు. ఈ ప్రసంగమున ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే.

ఇక వలసల సంగతి. కృష్ణా డెల్టా మొదట జనులను తనవద్దకు రప్పించుకొన్న సీమ. 1852లో మొదలై 1855లో పూర్తియైన ఆనకట్టవలన కాలువలు పారి, మెట్టచేలు మాగాణులై, ఎచటెచటివారో వచ్చి ఇచట స్థిరపడిరి. 1957లో ఆ పాత ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసినది. నీటివలన పంట, పంటవలన చదువు, చదువువలన ఉద్యోగము, ఉద్యోగమువలన వలస — ఇది ఈ సీమలో మెట్లు కట్టినట్లు జరిగినది. 1965లో అమెరికా దేశము తన వలస చట్టమును మార్చినపిమ్మట తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అచటికి వెళ్లసాగిరి. 1990 తరువాత కంప్యూటరు ఉద్యోగములు ఆ దారిని రాజమార్గముగా చేసినవి. గన్నవరము విమానాశ్రయమున కన్నీటితో సాగనంపుట ఈ చుట్టుపట్ల గ్రామములకు అలవాటైన దృశ్యము.

వలస వెళ్లినవారికి ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుచున్నదా అను ప్రశ్నకు మంచి సమాధానమొకటి 2010లో ప్రచురింపబడిన పరిశోధనలో దొరకును. లక్నో, నాగపూరు, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని కర్మాగారములలో పనిచేయుటకు పల్లెలనుండి వచ్చినవారిని, పల్లెలలోనే ఉండిపోయిన వారి అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను పోల్చి చూచిరి. పురుషులలో, పల్లెలోనున్నవారిలో నూటికి 6.2 మందికి మధుమేహము ఉండగా, పట్టణమునకు వలసవచ్చినవారిలో నూటికి 14.3 మందికి ఉన్నది. పుట్టుకతోనే పట్టణవాసులైనవారిలో అది 13.5. ఒకే తల్లి బిడ్డలు, ఒకే రక్తము. అయినను బ్రతుకుతీరు మారగానే వ్యాధి రెండింతలు దాటినది. మారిషస్ దీవిలో 1987లో జరిగిన పరిశీలన మరియొక సంగతిని తెలిపినది. అచట భారతీయ సంతతివారిలోనేగాక, చీనా సంతతివారిలోను, ఆఫ్రికా సంతతివారిలోను ఈ వ్యాధి అధికముగా కనబడినది. కనుక ఇది ఒక జాతికి పట్టిన శాపము కాదు. కూర్చుండి చేయు పని, నిదురకు వేళ లేకుండుట, హోటలు భోజనము, నడక తగ్గుట — వీని ఫలితము.

ఈ సందర్భమున ప్రాచీనుల మాట ఒకటి స్మరింపదగియున్నది. సుశ్రుతుడు ప్రమేహరోగికి చెప్పిన చికిత్సలలో, ధనములేని రోగి చెప్పులును గొడుగును లేకుండ, ఒక్కొక్క ఊర ఒక్కొక్క రాత్రి మాత్రమే ఉండుచు, బిచ్చమెత్తి తినుచు, నూరు యోజనములు నడువవలెనని ఒకటి కలదు. ఆ కాలమున ఇల్లు విడిచి పోవుట ఈ వ్యాధికి మందుగా చెప్పబడినది. నేడు ఇల్లు విడిచి పోవుటయే వ్యాధికి దారియగుచున్నది. భేదమెచట? ఆ రోగి కాళ్లతో పోయినాడు. నేటివాడు కుర్చీలో కూర్చుండి పోవుచున్నాడు. అయితే ఈ కాలమున మధుమేహ రోగులు చెప్పులు లేకుండ నడువరాదు. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. ప్రాచీనుల మాటలో నడకను గ్రహింపవలెను, ఒట్టికాళ్లను విడువవలెను.

పల్లెలో ఉండిపోయినవారు సురక్షితులని కూడ భ్రమపడరాదు. మన పొరుగునగల గోదావరి జిల్లాల ఇరువది గ్రామములలో జరిపిన పరిశీలన ఫలితములు 2006లో వెలువడినవి. ముప్పది ఏండ్లు దాటినవారిలో నూటికి 13.2 మందికి మధుమేహము ఉన్నట్లు తేలినది. వారిలో దాదాపు సగముమందికి తమకు ఆ వ్యాధి ఉన్నదని అంతవరకు తెలియనే తెలియదు. భారతదేశమంతటను కలిపి 10 కోట్ల 10 లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో ప్రకటింపబడిన జాతీయ పరిశీలన అంచనా వేసినది. మరవేసిన తెల్లబియ్యపు అన్నము పూటపూటకు తిని, యంత్రములు వచ్చి దమ్ము, ఊడ్పు, కోతలలో ఒంటికి పని తగ్గిన డెల్టా గ్రామమునకు పట్టణమునకు నున్న భేదము నానాటికి తరిగిపోవుచున్నది.

ఇపుడు ఒక ఇంటిని ఊహింపుడు. ఇట్టి ఇల్లు ఈ సభలోని వారెవరికిని క్రొత్తది కాదు. భర్తకు డెబ్బది ఏండ్లు, పదిహేనేండ్లుగా షుగరు, రెండుపూటల ఇన్సులిన్. భార్యకు అరువదిఐదు. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. కూతురికి నెలలు నిండుచున్నవి. పురుడు పోయుటకు తల్లి వెళ్లవలెను. ఆరునెలల ప్రయాణము. ఆమె వెళ్లుటకు ముందు ఎన్ని ఏర్పాట్లు జరుగును! కందిపొడి, కారపుపొడి, పచ్చళ్లు పొట్లములు కట్టుదురు. పాడిగేదెను పాలేరుకు అప్పగింతురు. బీరువా తాళములు చూపుదురు. పొలపు కౌలు లెక్క, పాలవాని బాకీ చెప్పుదురు. భర్త షుగరు మాత్రము ఎవరికిని అప్పగింపరు. ఏలనన, అది ఆమె చేయుచున్న పనియని ఆమెకే తెలియదు.

ఆమె విమానమెక్కిన నాటినుండి ఏమి జరుగును? ఆయనకు వంట రాదు. క్యారియరు భోజనము వచ్చును. ఒకనాడు పదకొండు గంటలకు, ఒకనాడు రెండు గంటలకు. కొలత లేని అన్నము, నూనె మిక్కుటమైన వేపుడు. రాత్రి తినుటకు మనసొప్పక రెండు ఇడ్లీలతో సరిపుచ్చి, అలవాటు చొప్పున ఇన్సులిన్ మాత్రము పూర్తిగా వేసికొనును. నడిరేయి చక్కెర పడిపోవును. చెమటలు, వణకు, గుండెదడ, మాట తడబడుట — ఇవి గుర్తులు. ప్రక్కన మనిషి ఉన్నచో ఇంత పంచదార నీరు పట్టి ప్రాణము నిలుపును. ప్రక్కన ఎవరును లేని ఇంటిలో అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. రక్తములో చక్కెర పెరుగుట ఏండ్లమీద చంపును. పడిపోవుట గంటలలో చంపగలదు. ఒంటరిగానున్న వృద్ధునికి ఈ రెండవ భయమే దగ్గరిది.

ఫోను ఉన్నది కదా యని అందురు. ప్రతిదినము కూతురు మాటలాడును; ముఖము కూడ కనబడును. "నాన్నా, షుగరు ఎలా ఉంది?" అని అడుగును. "బాగానే ఉందమ్మా, నువ్వు దిగులు పడకు" అని ఆయన చెప్పును. ఇది అబద్ధము కాదు, వాత్సల్యము. బాలింతను కంగారుపెట్టరాదని తండ్రి తలపు. అట్లే కూతురును, తనకు గర్భముతో వచ్చిన చక్కెరను తండ్రికి చెప్పదు. ఇరువురును ఒకరినొకరు కాపాడుకొనుచు, ఇరువురును నిజమును దాచుచున్నారు. ఫోనులో ముఖము కనబడును గాని అరికాలు కనబడదు. చిటికెనవ్రేలి క్రింద పుండు పడి, అది నొప్పి లేకుండ లోనికి పాకి, కొడుకు పండుగకు వచ్చి చూచునప్పటికి కాలు తీయవలసిన స్థితికి రావచ్చును. ఒక సాయంకాలము ఒక నిమిషము పాదము చూచు మనిషి లేకపోవుట ఎంత నష్టమునకు దారితీయునో గమనింపుడు.

తల్లికే వ్యాధియున్నచో చిక్కులు వేరు. ఆమెకు మందులతో ప్రయాణము, కాలభేదము. ఇచట పగలైనప్పుడు అచట రాత్రి. సూది వేళలు, మాత్రల వేళలు ఎట్లు మార్చవలెనో బయలుదేరుటకు ముందే వైద్యునిచే కాగితముమీద వ్రాయించుకొనవలెను. ఇన్సులిన్‌ను సామానులో వేసి విమానపు అడుగుభాగమునకు పంపరాదు, గడ్డకట్టి చెడిపోవచ్చును, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. వైద్యుని లేఖ వెంటనుండవలెను. అచటి వైద్యుని చీటి లేనిదే అమెరికాలో చాల మందులు ఇయ్యరు. పూర్వమునుండి ఉన్న వ్యాధులకు సందర్శకుల బీమా సాధారణముగా వర్తింపదు. కనుక ఆరునెలలకు వలయు మందులు ఎట్లు సమకూర్చుకొనవలెనో ముందుగా విచారించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము మరియొకటి కలదు. పురిటియింట రాత్రింబవళ్లు పసిబిడ్డను మోయు ఆ తల్లి తన నిదురను, తన నడకను, తన వేళను మొదటనే వదలుకొనును. ఆమె సేవకు వెళ్లినది నిజమే. కాని ఆమెయు ఒక రోగియే యని అల్లుడును కూతురును మరువరాదు.

స్త్రీల విషయమున ఇంటి పరిస్థితులు మరింత కఠినములు. మగవాని షుగరును ఇల్లంతయు మోయును; ఆడుదాని షుగరును ఆమెయే మోయును. అందరు తినిన పిమ్మట మిగిలినది తినుట, సూది వేసికొనియు వడ్డనలో మునిగి భోజనము ఆలస్యము చేయుట, శనివారమని ఏకాదశియని ఉపవసించుట, తన పరీక్షకు డబ్బు దండుగయనుకొనుట — ఇవి చాల ఇండ్ల వాడుకలు. ఇన్సులిన్ మీద బ్రతుకు ఆడుపిల్లలున్న ఇండ్లలో పెండ్లి సంబంధము చెడునని వ్యాధిని దాచుదురు. అత్తవారింట సూదిని చాటున వేసికొనవలసిన పిల్ల ఏదో ఒకనాడు మానివేయును. ఇన్సులిన్ పూర్తిగా లేనివారికి దానిని మానుట ప్రాణాంతకము. దాచి చేసిన పెండ్లికంటె చెప్పి ఆగిన సంబంధము మేలు.

పెద్ద ఉద్యోగములకు పోయినవారిని గూర్చియే చెప్పి, కూలికి పోవువారిని మరచుట న్యాయము కాదు. విజయవాడ చుట్టును కట్టు భవనములకు, ఇటుకబట్టీలకు, ఊడ్పులకు, కోతలకు ఇతర జిల్లాలనుండి, ఇతర రాష్ట్రములనుండి కుటుంబములు వచ్చుచున్నవి. వారి రోగపు చీటి ఒక ఊర, వారి పని మరియొక ఊర. స్వగ్రామపు ఆరోగ్యకేంద్రమున నెలనెల ఇచ్చు మాత్రలు ఇచటికి రావు. ఇచటివారికి వారి చరిత్ర తెలియదు. ఫ్రిజ్ లేని గుడిసెలో 40 డిగ్రీలు దాటు ఎండకు ఇన్సులిన్ చెడిపోవును. అట్టివారు తడి ఇసుకలో నిలిపిన మట్టికుండలో, సీసాకు తడి తగులకుండ, దానిని చల్లగా ఉంచుకొనవచ్చును. ఊరివారు ఆ కూలీలను సమీపపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు త్రోవ చూపి పంపుట పెద్ద ఉపకారము.

ఇంతమాత్రమున వలసపోయిన బిడ్డలను నిందించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము కాదు. వారు పంపిన సొమ్ముతో ఎన్నో ఇండ్ల అప్పులు తీరినవి; చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి; మందులు కొన్నదియు ఆ సొమ్ముతోనే. మరియు పిల్లలందరు చుట్టునున్నంతమాత్రమున వ్యాధి అదుపులో ఉండునని నియమము లేదు. ప్రేమ కూడ కీడు చేయగలదు. సంక్రాంతికి "ఒక్క అరిసె తింటే ఏమవుతుంది మామయ్యా" అనువారు ఇంటివారే. నూజివీడు రసాలు వచ్చిన కాలమున బుట్ట ఎదుట పెట్టువారును వారే. దీనికి విరుద్ధముగా, ప్రతి ముద్దకు కాపలాకాచి, అందరియెదుట మందలించి, ముసలివానిచే చాటున తినిపించువారును కలరు. తినకూడని వస్తువును తిట్టుకంటె, ఎంత తినవచ్చునో ఎదుటనే కొలిచి పెట్టుట మేలు. చిన్నముక్క మామిడి తినినవాడు ఆపూట అన్నము ఒక గరిటె తగ్గించుకొనవలెను. ఆ లెక్క అతనికే అప్పగించినచో మర్యాదయు నిలుచును, చక్కెరయు నిలుచును.

అయినచో ఉపాయమేమి? తెలుగువారి పెండ్లిలో అప్పగింతలు అను ఆచారమొకటి కలదు. కన్నవారు బిడ్డను చేతులలో చేయి పెట్టి అత్తవారికి అప్పగింతురు. "ఇంతవరకు మేము చూచుకొంటిమి, ఇకమీద మీరు చూచుకొనుడు" అని దాని అర్థము. ఇంటినుండి ఒకరు దూరదేశము వెళ్లునప్పుడు, ఇంట మిగిలినవారి వ్యాధికి కూడ ఇట్టి అప్పగింత జరుగవలెను. ప్రయాణమునకు పదిహేను దినముల ముందు, అందరు కూర్చుండి, ఈ క్రింది ఐదు సంగతులు తేల్చుకొనవలెను.

మొదటిది కాగితము. రోగి పేరు, వ్యాధి ఎన్నాళ్లనుండి ఉన్నది, ఏ మందు ఎంత, ఏ వేళకు, వైద్యుని ఫోను సంఖ్య, చివరి పరీక్షల ఫలితములు — ఇవన్నియు ఒకే కాగితముమీద, పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి గోడకు అంటింపవలెను. వైద్యుడు మారినను ఆ కాగితము మారరాదు.

రెండవది మనిషి. దూరపు కొడుకుకంటె పొరుగింటి మనిషి అవసరమునకు అక్కరకు వచ్చును. ఒకరిని పేరుపెట్టి నియమింపవలెను. ఉదయము ఎనిమిది గంటలకు తలుపు తీయకున్నచో వచ్చి చూచు అధికారము, ఇంటి రెండవ తాళము, అతనికో ఆమెకో ఉండవలెను. చేసిన సేవకు ప్రతిఫలమిచ్చుటకు సందేహింపరాదు. వంటమనిషికి జీతమిచ్చినట్లే ఇదియు.

మూడవది చక్కెర పడిపోయినప్పటి విధి. యంత్రము 70కి తక్కువ చూపినను, యంత్రము అందుబాటులో లేక గుర్తులు మాత్రమే కనబడినను, తెలివియున్న రోగికి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగింపవలెను. పావుగంటకు మరల చూచి, పెరగకున్నచో మరల ఈయవలెను. పిమ్మట ఏమైన తినిపింపవలెను. తెలివి తప్పినవాని నోటిలో ఏదియు పోయరాదు; వెంటనే 108కి ఫోను చేయవలెను. మంచముప్రక్కన పంచదార డబ్బా ఎప్పుడును ఉండవలెను. ఒంటరిగానుండు వృద్ధులకు చక్కెరను మరీ తక్కువకు దించుట అవసరమా అని వైద్యుని అడుగవలెను. వయసును, ఇంటి పరిస్థితిని బట్టి హద్దును సడలించుట వైద్యశాస్త్రము అంగీకరించినదే. కాని ఒంటరిగా ఉన్నారని వైద్యునికి చెప్పువారుండవలెను కదా!

నాలుగవది పాదము. చూపు మందగించినవారు అరికాలి క్రింద అద్దము పెట్టి చూచుకొనవచ్చును. వంగలేనివారికి వారమునకు రెండుమారులైనను మరియొకరు చూడవలెను. వేన్నీళ్ల వేడిని పాదముతో గాక మోచేతితో పరీక్షింపవలెను.

ఐదవది ఫోను. "ఎలా ఉన్నారు?" అను ప్రశ్నకు "బాగున్నాము" అనియే జవాబు వచ్చును. దానికి బదులు, "ఈ ఉదయము యంత్రము ఎంత చూపింది? ఏ గంటకు తిన్నావు? పాదము ఇటు చూపించు" అని అడుగవలెను. సంఖ్యకు సంకోచముండదు. ఆ సంఖ్యను వ్రాసికొను పుస్తకము అచటను ఇచటను ఉండవలెను.

ఇండ్లు చేయలేనిదానిని ఊరు చేయగలదా? తమిళనాటి చుణాంపేట ప్రాంతమున 42 గ్రామములలో జరిగిన ప్రయత్నము దీనికి తార్కాణము. మద్రాసు వైద్యులు పరికరములు గల ఒక బండిని ఊరూర త్రిప్పి, గ్రామ యువతీయువకులకే శిక్షణనిచ్చి, పరీక్షలను, దూరమునుండి వైద్యసలహాను గుమ్మముచెంతకు తెచ్చిరి. రోగుల మూడునెలల సగటు ఒక్క ఏడాదిలో 9.3నుండి 8.5కు దిగినది. ఆ తగ్గుదల చిన్నదిగా కనబడవచ్చును. కాని అది పల్లెలలో, పేదలలో సాధింపబడినది. మన గ్రామములలో ఆశా కార్యకర్తలు ఉన్నారు; ముప్పది ఏండ్లు దాటినవారికి ఈ వ్యాధిని పరీక్షించు ప్రభుత్వ పథకము ఉన్నది. ఒంటరి వృద్ధుల ఇండ్లు ఇవియని వారికి ముందుగా చెప్పి ఉంచుట గ్రామస్థుల బాధ్యత.

ఈ కార్యమున గ్రంథాలయమునకును పాత్ర కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగిననాటినుండి ఈ ఉద్యమము పుస్తకములను బీరువాలలో దాచుటతో తృప్తిపడలేదు. చదువురానివారికి చదివి వినిపించుట, రాత్రిబడులు నడుపుట దాని పనులైనవి. 1935లో పెదవడ్లపూడివద్ద కాలువలో పడవమీద గ్రంథాలయము నడచినది. పాఠకుడు పుస్తకమువద్దకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకునివద్దకు పోవలెనని ఆ పెద్దల ఉద్దేశము. నేడు ఊరిలో మిగిలిన వృద్ధులకు చదివిపెట్టవలసినది మందుచీటి. వారమునకొక సాయంకాలము పఠనమందిరమున ఇద్దరు యువకులు కూర్చుండి, వచ్చినవారి చీటిలోని మాటలను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసియిచ్చి, చక్కెర సంఖ్యలను పుస్తకమున ఎక్కించి, రాలేనివారి ఇంటికి నడచిపోయినచో, దానికి కావలసిన వ్యయము ఒక బల్ల, ఒక పుస్తకము మాత్రమే. మందు మార్చు అధికారము వారికి లేదు, ఆ పని వైద్యునిదే. వారానికొకమారు ఒక మనిషి వచ్చి అడుగునను నమ్మకము మాత్రము వారు ఈయగలరు. ఒంటరిగానున్న రోగికి అది తక్కువ సాయము కాదు.

బిడ్డలు వెళ్లక మానరు, వెళ్లవలెను కూడ. వారు వెళ్లిన ఇంటిలో పొలమునకు కౌలుదారు దొరకినట్లు, పాడికి పాలేరు దొరకినట్లు, పెద్దవారి వ్యాధికిని ఒక ఆసామి దొరకవలెను. ఈ సభనుండి ఇంటికి పోయిన పిమ్మట, ప్రతి చందాదారుడును తన వీధిలో ఒంటరిగానున్న ఒక షుగరు రోగి పేరు తలచుకొని, రేపు ఉదయము ఆ తలుపు తట్టి, "ఈ పొద్దు ఎంత చూపింది?" అని అడిగినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.